మూడుసార్లు పరీక్ష రాసిన మహనీయుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి ఏటా మన వసతిగృహ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి, మన జిల్లాకు పేరైన పొట్టి శ్రీరాములు గారి గురించి మాకంటే ముందు చదివిన అన్నలు రాశారు. ఈసారి ఆ బాధ్యతను సైన్సు గ్రూపు వాళ్లమైన మాకు అప్పగించారు. ఎవరి గురించి రాయాలా అని నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డాం. చివరికి మా జీవశాస్త్రం పుస్తకంలోనే మాకు దారి దొరికింది.

ఏటీపీ అనే మాట పదో తరగతి నుంచి మేమంతా బట్టీ పట్టినదే. కణానికి శక్తి కరెన్సీ ఏది అని అడిగితే నిద్రలో లేపినా చెప్తాం. కానీ దాన్ని కండరం నుంచి మొట్టమొదట వేరుచేసి చూపించిన వారిలో ఒకరు మన తెలుగువాడని, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పినవాడని మాలో ఎవరికీ తెలియదు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. తెలిసిన తర్వాత మేము ఇంకొకరి గురించి ఆలోచించలేదు. దానికి కారణం వ్యాసం చివర్లో చెప్తాం.

బాల్యం – పారిపోయిన పిల్లవాడు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి చిన్న ఉద్యోగి. ఆరోగ్యం పాడై ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంటి భారమంతా తల్లి మీద పడింది.

సుబ్బారావుకు చదువు మీద మొదట మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇంటి నుంచి పారిపోయారు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. మధ్యదారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి తన ఒంటిమీది బంగారం తీసి ఇచ్చి రాజమండ్రిలో చదివించింది. అయినా మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాశారు, మళ్లీ తప్పారు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు.

మిత్రులారా, ఈ ఒక్క సంగతి దగ్గర కొంచెం ఆగుదాం. పరీక్ష తప్పిన పిల్లవాడి ఇంట్లో ఆ సాయంత్రం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఆ ఇంట్లో బంగారం కూడా లేదు, ఆశ కూడా లేదు. అయినా ఆ తల్లి మూడోసారి కూడా పంపించింది.

మద్రాసు చదువు

మద్రాసులో ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో సుబ్బారావు గారి మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరాలని పట్టుబట్టారు. తల్లి ఒప్పుకోలేదు. మఠం పెద్దలు కూడా వైద్యం చదివి జనానికి సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఫీజులకు, పుస్తకాలకు స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరినే 1919లో సుబ్బారావు గారు పెళ్లి చేసుకున్నారు.

అవి గాంధీగారు విదేశీ వస్తువులను వదిలేయమన్న రోజులు. సుబ్బారావు గారు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. అది ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగమూ దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న, తమ్ముడు ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, రక్తహీనతతో మనిషి కృశించిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. వైద్యం చదివిన మనిషి కళ్ల ముందే ఇంట్లో ఇద్దరు పోయారు. ఆ తర్వాత సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడ్డారు. మందులేని జబ్బులకు మందు వెతకాలన్న పట్టుదల ఆయనలో అప్పుడే పుట్టి ఉంటుందని మాకు అనిపిస్తుంది.

ఓడ ఎక్కించిన చేతులు

అమెరికా వెళ్లి పరిశోధన చేయాలని సుబ్బారావు గారు నిర్ణయించుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు. మామగారు కొంత డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది.

ఈ సత్యలింగం నాయకర్ గారి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఆయన గోదావరి తీరంలో కోరంగి దగ్గర పేద మత్స్యకార కుటుంబంలో పుట్టారు. ఓడ ఎక్కి రంగూన్ వెళ్లి, కష్టపడి సంపాదించి, ఆ సంపాదనను పేద పిల్లల చదువుకు రాసిచ్చారు. మన మైపాడు, తుమ్మలపెంట, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. సముద్రం మీద బతికిన ఒక మనిషి దాచిన డబ్బు, తాను పోయిన తర్వాత, తనకు ముక్కూ మొహం తెలియని ఒక కుర్రవాడిని సముద్రం దాటడానికి ధైర్యం ఇచ్చింది.

గర్భవతి అయిన భార్యను వదిలి 1920ల మొదట్లో సుబ్బారావు గారు బోస్టన్ చేరారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. ఆయన మళ్లీ ఇండియాకు రానూ లేదు, శేషగిరమ్మ గారిని చూడనూ లేదు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆమె కష్టాన్ని దాటవేయడం న్యాయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తడం, కడగడం ఆ పనిలో భాగం. డాక్టరు చదివినవాడు ఆ పని చేశాడని ఈనాడు ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. మన అమ్మానాన్నలలో ఎంతోమంది అలాంటి పనే చేసి మనల్ని ఇక్కడికి పంపారు. అందుకే మేము ఆశ్చర్యపోలేదు. మనవాడే అనుకున్నాం.

కండలో దాగిన రహస్యం

చదువు అయ్యాక హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. అక్కడ మొదటి పని రక్తంలో, మూత్రంలో, కండలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టడం. ద్రావణంలో కొన్ని రసాయనాలు కలిపితే భాస్వరం ఉన్న మేరకు నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్టు. 1925లో అచ్చయిన ఈ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. ప్రపంచంలోని ప్రయోగశాలల్లో లక్షలాది విద్యార్థులు ఆ పేరుతోనే దాన్ని నేర్చుకున్నారు.

అసలు కథ ఇక్కడే మొదలైంది. కండ నుంచి తీసిన రసంలో ఈ పరీక్ష చేస్తే నీలిరంగు ఒక్కసారిగా రాలేదు. మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవారేమో. వీళ్లు ఎందుకిలా జరుగుతోందని ఆలోచించారు. కండలో భాస్వరం ఇంకేదో పదార్థానికి అంటుకుని ఉందని, పరీక్షలో వాడే ఆమ్లంలో అది కొంచెం కొంచెంగా విడిపోతోందని, అందుకే రంగు ఆలస్యంగా వస్తోందని తేల్చారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా అదే కాలంలో దాన్ని విడిగా గమనించారు. కండ పని చేసి అలసినప్పుడు ఈ పదార్థం తగ్గుతుంది. విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతుంది.

అప్పటివరకు కండ కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మేవారు. ఆ పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్ దొరకడంతో ఆ నమ్మకం కదిలిపోయింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండ నుంచి ఏటీపీని వేరుచేసినట్టు ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. అందుకే ఈ ఘనతను ముగ్గురికీ ఇవ్వాలి.

ఏటీపీ అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అడినోసిన్ అనే అణువుకు మూడు ఫాస్ఫేట్లు వరసగా అంటుకుని ఉంటాయి. చివరి ఫాస్ఫేటు విడిపోయినప్పుడు వచ్చే శక్తితో కణం తన పని చేసుకుంటుంది. విడిపోగా మిగిలినది ఏడీపీ. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి, కణంలోని మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో కలిసి, ఆ శక్తితో ఏడీపీ మళ్లీ ఏటీపీ అవుతుంది. ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు తయారవుతాయి. మన ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఉండే ఏటీపీ పావు కిలోకు మించదు. కానీ అది విడిపోతూ, మళ్లీ తయారవుతూ రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడంతా లెక్క వేస్తే ఒక రోజుకు దాదాపు మనిషి బరువంత అవుతుందని అంచనా.

మరి ఫాస్ఫోక్రియాటిన్ ఎందుకు? కబడ్డీలో కూతకు వెళ్లినవాడిని చూడండి. గీత దాటగానే మెరుపులా కదలాలి. అంత వేగంగా అన్నం నుంచి ఏటీపీ తయారు కాదు. ఆ మొదటి కొద్ది సెకన్లు ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఏడీపీకి ఇచ్చేస్తుంది. అంటే అది చేబదులు లాంటిది. విశ్రాంతి దొరికాక కణం ఆ బదులు తీర్చేస్తుంది.

ఇంకొక ఉదాహరణ మన రేవులోనే ఉంది. పడవ నుంచి దించినప్పుడు మెత్తగా ఉన్న చేప కొంతసేపటికి కర్రలా బిగుసుకుంటుంది. మేము చిన్నప్పుడు అది ఎండకు అనుకునేవాళ్లం. కండ బిగుసుకోవడానికే కాదు, బిగిసిన కండ వదులు కావడానికి కూడా ఏటీపీ కావాలి. ప్రాణం పోయాక కొత్త ఏటీపీ తయారు కాదు. ఉన్నది అయిపోగానే కండ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని వదలకుండా ఉండిపోతాయి. అందుకే ఆ బిగువు. తట్టలో పడి ఉన్న చేప కూడా సుబ్బారావు గారి పాఠమే చెప్తోంది.

మందుల వెనుక మనిషి

1930లో సుబ్బారావు గారు పీహెచ్‌డీ పొందారు. కానీ ఎన్నేళ్లు పనిచేసినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలల్లో చేరారు. తర్వాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్ల జీవితంలో ఆయన, ఆయన బృందం చేసిన పని చూస్తే కళ్లు తిరుగుతాయి.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. ఆకుకూరల్లో, కాలేయంలో ఉండే ఒక బి విటమిన్ ఇది. ఆయన బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పని చేసింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు అలా సమాధానం చెప్పారు. బడిలో వారానికోసారి మనకు ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాన్ని కిటికీలోంచి విసిరే తమ్ముళ్లు ఇకనైనా ఆలోచించాలి.

రెండోది కాన్సరు మందు. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ తయారు కావాలి. దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించే నకిలీ అణువును ఇస్తే? తాళంలో ఇరుక్కుపోయిన దొంగ తాళంచెవిలా అది పని ఆపేస్తుంది. అలా తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకాన్సరు వచ్చిన చిన్నపిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. అంతకుముందు ఆ పిల్లలకు ఏ ఆశా ఉండేది కాదు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ కాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

మూడోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్కులలో మొదటిది. ఆయన ప్రోత్సాహంతో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని సాధించారు. 1948లో అది లోకానికి తెలిసింది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం పరుగులు తీసింది ఈ జాతి మందు కోసమే.

నాలుగోది మన తీరానికి బాగా దగ్గరైనది. బోదకాలు మన ఊళ్లలో కొత్త కాదు. దోమకాటుతో ఒంట్లో చేరే సన్నని పురుగులు దానికి కారణం. కాలువగట్టు మీద ఉబ్బిన కాలుతో కూర్చున్న అవ్వనో తాతనో చూడనివాళ్లు మనలో తక్కువ. వాళ్లు పెళ్లిళ్లకు రారు, పదిమందిలోకి రారు. ఆ జబ్బుకు పనికివచ్చే హెట్రజాన్ అనే మందును 1947లో తెచ్చినది సుబ్బారావు గారి బృందమే. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజైన్. 2004 నుంచి ప్రభుత్వం బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్రలు అవే. నర్సమ్మ వచ్చి ఎదురుగా మింగమంటే, ఆమె వెళ్లాక ఉమ్మేసిన ఇళ్లు మాకు తెలుసు. మా ఇళ్లే. ఉబ్బిపోయిన కాలును ఆ మాత్ర మామూలు చేయలేదు. కానీ రక్తంలోని పిల్ల పురుగులను చంపి, జబ్బు ఇంకొకరికి పాకకుండా ఆపుతుంది. ఈ సంగతి ఇంటికి వెళ్లినప్పుడు చెప్పవలసింది చదువుకున్న మనమే.

పేరు ఎందుకు రాలేదు

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు.

ఇన్ని చేసిన మనిషికి నోబెల్ రాలేదు. పేరు కూడా పెద్దగా రాలేదు. దీనికి ఒక కారణం ఆయన స్వభావం. పత్రికల వాళ్లకు, సన్మానాలకు దూరంగా ఉండేవారు. కలిసి చేసిన పనిలో పక్కవారిని ముందుంచేవారు. ఇంకొక కారణం కూడా ఉంది. హార్వర్డ్‌లో అదే ప్రయోగశాలలో పని చేసి 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ ఒక సంగతి బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను చాలా ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కొత్తగా కనుక్కోవలసి వచ్చిందని, ఫిస్కే అసూయతో వాటిని వెలుగు చూడనివ్వకపోవడమే కారణమని ఆయన అభిప్రాయం.

ఆయన పోయాక కొన్ని గుర్తింపులు వచ్చాయి. ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మేము ఈయన గురించే ఎందుకు రాశాం

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సుబ్బారావు గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మన తాతలు బడి గడప బయట నిలబడ్డ కాలంలో ఆయనకు బడిలో చోటు ఉంది. బావి దగ్గర ఆయనను ఎవరూ తోసేయలేదు. ఆయన కష్టమూ మన కష్టమూ ఒకటే అని మేము అనడం లేదు. కానీ ఆకలి ఆయనకు తెలుసు. పరీక్ష తప్పిన అవమానం తెలుసు. పరాయివాడిగా చూడబడటం, చేసిన పనికి పేరు రాకపోవడం తెలుసు. ఒకరు చేయి అందిస్తే తప్ప చదువు సాగదని కూడా తెలుసు.

మా గదిలో ఉండిన ఒక తమ్ముడు పదో తరగతిలో రెండు సబ్జెక్టులు తప్పాడు. ట్రంకుపెట్టె కూడా తీసుకెళ్లకుండా ఊరు వెళ్లిపోయి రొయ్యల గుంటల మీద కాపలా పనికి కుదిరాడు. మేము ముగ్గురం సైకిళ్ల మీద వెళ్లి పిలిచాం. రానన్నాడు. తప్పినవాడు మళ్లీ హాస్టల్ మొహం ఎలా చూస్తాడని అడిగాడు. అప్పుడు మా దగ్గర చెప్పడానికి సరైన మాట లేదు. రెండోసారి వాళ్లమ్మతో మాట్లాడాం. ఫీజు మేమే తలా కొంత వేసుకుని కట్టాం. సప్లిమెంటరీలో ఒకటి గట్టెక్కాడు. ఇంకొకటి మిగిలింది. ఈ సంచిక అచ్చుకు వెళ్లే సమయానికి అతను మళ్లీ రాయడానికి చదువుతున్నాడు.

సుబ్బారావు గారి జీవితం అప్పుడే తెలిసి ఉంటే గుంట గట్టు మీద కూర్చుని అతనికి చెప్పి ఉండేవాళ్లం. మూడోసారి రాసి గట్టెక్కినవాడే కణంలో శక్తి ఎక్కడుందో లోకానికి చూపించాడని చెప్పి ఉండేవాళ్లం. అందుకే ఈ వ్యాసం రాశాం. ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులైన అన్నలను ఒకటే కోరుతున్నాం. ఏడాదికోసారి వార్షికోత్సవానికి రావడంతో పాటు, తప్పిన ఒక తమ్ముడి ఫీజు కట్టండి. సత్యలింగం నాయకర్ గారికి సుబ్బారావు ఎవరో తెలియదు. మీరు కట్టిన ఫీజుతో చదివేది ఎవరో మీకూ తెలియనక్కరలేదు.

తమ్ముళ్లారా, ఈసారి పరీక్షలో ఏటీపీ మీద ప్రశ్న వస్తే జవాబు రాయండి. పక్కన ఆయన పేరు కూడా రాయండి. దానికి మార్కులు రాకపోయినా ఫరవాలేదు.